క్లౌడ్ డేటాబేస్‌లో పాస్‌వర్డ్ నియమాలు పెట్టడం ఎలా?

"పాస్‌వర్డ్ పాలసీ ఆన్ చేశాం, అయినా పాత బలహీనమైన పాస్‌వర్డ్‌లతో లాగిన్ అవుతూనే ఉన్నారు. ఏం తప్పు చేశాం?" మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్న ఇది. చాలాసార్లు తప్పేమీ ఉండదు. సర్వర్ పాస్‌వర్డ్ బలాన్ని పరీక్షించేది ఒకే ఒక్క సందర్భంలో: కొత్త పాస్‌వర్డ్ హ్యాష్ (వెనక్కి తిప్పలేని సంకేత రూపం) కాకుండా మామూలు అక్షరాల్లోనే, ఎస్‌క్యూఎల్ ఆదేశంలో తన దగ్గరికి వచ్చినప్పుడు. నిన్న పెట్టిన పాస్‌వర్డ్‌ను ఈరోజు వెనక్కి వెళ్లి చూడదు, చూసే వీలూ లేదు. దాని దగ్గర ఉన్నది హ్యాష్ మాత్రమే. అందుకే నియమం పెట్టడం ఎంత ముఖ్యమో, దానికి దొరకని దారులు మూయడం కూడా అంతే ముఖ్యం.

కింది మెట్లు ప్రధానంగా మైఎస్‌క్యూఎల్ 8 కోసం. పోస్ట్‌గ్రెస్ వాడేవాళ్లకు దారి వేరు, అది చివర్లో ఉంది. ఆదేశాల పేర్లు ఇక్కడ తెలుగు లిపిలో ఉన్నాయి, మీరు టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాలే వాడాలి. చుక్క, అండర్‌స్కోర్ మాత్రం ఉన్నవి ఉన్నట్టే పెట్టండి. ఆ రెండింటి తేడా దగ్గర చాలామంది ఆగిపోతున్నారు.

ముందుగా కావలసినవి

- డేటాబేస్ మాస్టర్ యూజర్ లాగిన్, క్లౌడ్ కన్సోల్‌లో పారామీటర్లు మార్చే అనుమతి.
- ఆ డేటాబేస్‌కు కనెక్ట్ అయ్యే ప్రతి అప్లికేషన్, బ్యాకప్ స్క్రిప్ట్, రిపోర్ట్ టూల్ పేర్ల జాబితా. ఇది లేకుండా మొదలుపెట్టకండి. ఆరో మెట్టు దగ్గర దీని అవసరం తెలుస్తుంది.
- ప్రయోగానికి వేరే ఇన్‌స్టెన్స్ (విడిగా నడిచే డేటాబేస్ సర్వర్). ప్రొడక్షన్ స్నాప్‌షాట్ నుంచి రిస్టోర్ చేసినదైతే ఇంకా మంచిది, అసలు ఖాతాలన్నీ అందులో ఉంటాయి.
- రీస్టార్ట్ చేయడానికి వీలైన సమయం. అన్నిసార్లూ అవసరం పడదు, పడితే మాత్రం అప్పటికప్పుడు దొరకదు.

1. నియమం ఎంత ఉండాలో తేల్చుకోండి

కన్సోల్ తెరవకముందే చేయాల్సిన పని ఇది. అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ 2025లో విడుదల చేసిన 800-63బి నాలుగో కూర్పు ప్రకారం, రెండో అంచె ధ్రువీకరణ లేకుండా పాస్‌వర్డ్ ఒక్కటే ఉన్నచోట కనీసం 15 అక్షరాలు ఉండాలి. క్యాపిటల్ లెటర్, అంకె, స్పెషల్ క్యారెక్టర్ కలపమని బలవంతం చేయకూడదని కూడా అందులోనే ఉంది. కార్డు చెల్లింపుల డేటా ఉంటే కార్డు పరిశ్రమ భద్రతా ప్రమాణం పీసీఐ డీఎస్‌ఎస్ 4 వర్తిస్తుంది. అది కనీసం 12 అక్షరాలు, అందులో అక్షరాలూ అంకెలూ రెండూ ఉండాలంటుంది.

మా సిఫారసు: పొడవు 16, పాలసీ మీడియం (మైఎస్‌క్యూఎల్‌లోని లో, మీడియం, స్ట్రాంగ్ స్థాయిల్లో మధ్యది), క్యాపిటల్-స్మాల్ లెటర్లు 1, అంకె 1, స్పెషల్ క్యారెక్టర్ 0. ఆఖరి సున్నా చూసి చాలామంది ఉలిక్కిపడతారు. పొడవును డిఫాల్ట్ 8 దగ్గరే ఉంచి మిగతావన్నీ తప్పనిసరి చేస్తే ఏమవుతుందో చూడండి. మొదటి పి క్యాపిటల్‌గా "పాస్‌వర్డ్@123" అని ఇంగ్లీషులో కొడితే 12 అక్షరాలు. క్యాపిటల్ ఉంది, స్మాల్ ఉంది, అంకె ఉంది, స్పెషల్ క్యారెక్టర్ ఉంది. మీడియం పాలసీ దాన్ని చక్కగా ఒప్పుకుంటుంది. దొంగ మొదట్లోనే వేసి చూసే పాస్‌వర్డ్‌లు కూడా ఇలాంటివే. పొడవు 16 అని పెట్టిన మరుక్షణం అది తిరస్కరణకు గురవుతుంది.

మీ ఆడిట్ స్పెషల్ క్యారెక్టర్ కావాలంటే 1 పెట్టండి. అప్పుడు వచ్చే చిక్కులు కింద ఉన్నాయి.

2. ఇప్పటికే ఏముందో చూడండి

మాస్టర్ యూజర్‌గా కనెక్ట్ అయి ఈ ఆదేశం ఇవ్వండి:

షో వేరియబుల్స్ లైక్ 'వాలిడేట్_పాస్‌వర్డ్%';

మూడింటిలో ఒకటి కనబడుతుంది. ఖాళీగా వస్తే ఏ నియమమూ లోడ్ కాలేదు. పేర్లలో "వాలిడేట్_పాస్‌వర్డ్" తర్వాత చుక్క ఉంటే (వాలిడేట్_పాస్‌వర్డ్.లెంగ్త్) కొత్త కాంపొనెంట్ (పాస్‌వర్డ్ పరీక్షించే అదనపు భాగం) పనిచేస్తోంది. చుక్క బదులు అండర్‌స్కోర్ ఉంటే (వాలిడేట్_పాస్‌వర్డ్_లెంగ్త్) మైఎస్‌క్యూఎల్ 5.7 కాలం నాటి, అదే పని చేసే పాత ప్లగిన్ నడుస్తోంది. ఇక మీదట ప్రతి పేరూ ఇక్కడ కనబడిన రూపంలోనే వాడండి. ప్లగిన్ నడుస్తుండగా చుక్క పేర్లు మారిస్తే ఏమీ జరగదు, మీరు మాత్రం పని అయిపోయిందనుకుంటారు.

3. కాంపొనెంట్ లోడ్ చేయండి

రెండో మెట్టులో ఖాళీగా వస్తేనే ఇది అవసరం.

ఇన్‌స్టాల్ కాంపొనెంట్ 'ఫైల్://కాంపొనెంట్_వాలిడేట్_పాస్‌వర్డ్';

ఒకసారి చేస్తే చాలు, రీస్టార్ట్ తర్వాత కూడా ఉంటుంది. మీ సర్వీసు, వెర్షన్ బట్టి ప్లగిన్ రూపమే దొరకవచ్చు, అప్పుడు ఇన్‌స్టాల్ ప్లగిన్ ఆదేశం వాడాలి. రెండూ ఒకేసారి లోడ్ చేయకండి. పాత ప్లగిన్ ఉంటే కొత్తదానికి మారాక దాన్ని తీసేయండి.

గూగుల్ క్లౌడ్ ఎస్‌క్యూఎల్ వాడుతుంటే ఈ మెట్టు వదిలేయండి. అక్కడ ఇన్‌స్టెన్స్ ఎడిట్ చేసే పేజీలోనే పాస్‌వర్డ్ పాలసీ ఉంటుంది: కనీస పొడవు, సంక్లిష్టత, పాత పాస్‌వర్డ్ మళ్లీ వాడకుండా అడ్డు, యూజర్ పేరు పాస్‌వర్డ్‌లో ఉండకుండా అడ్డు. అవి నింపి నేరుగా ఐదో మెట్టుకు వెళ్లండి.

4. విలువలు మార్చండి

సొంత సర్వర్‌లో అయితే సెట్ గ్లోబల్ ఆదేశంతో పని అయిపోయేది. మేనేజ్డ్ సర్వీసుల్లో (సర్వర్‌ను క్లౌడ్ కంపెనీయే నడిపేచోట) ఆ అధికారం మాస్టర్ యూజర్‌కు కూడా సాధారణంగా ఇవ్వరు. అమెజాన్ ఆర్‌డీఎస్‌లో పారామీటర్ గ్రూప్ (సెట్టింగుల జాబితా) ద్వారానే మార్చాలి. డిఫాల్ట్ పారామీటర్ గ్రూప్‌ను ఎడిట్ చేయనివ్వదు కాబట్టి మీ వెర్షన్‌కు సరిపోయే కొత్త గ్రూప్ తయారుచేసి, అందులో ఈ విలువలు పెట్టండి:

- పాలసీ: మీడియం (అంకెలో 1)
- లెంగ్త్: 16
- మిక్స్‌డ్_కేస్_కౌంట్: 1
- నంబర్_కౌంట్: 1
- స్పెషల్_క్యార్_కౌంట్: 0 (ఆడిట్ అడిగితే 1)
- చెక్_యూజర్_నేమ్: ఆన్

తర్వాత ఆ గ్రూప్‌ను ఇన్‌స్టెన్స్‌కు తగిలించండి. గ్రూప్ మార్చినప్పుడు ఒకసారి రీబూట్ చేయాలి. గ్రూప్ పేరు పక్కన "పెండింగ్ రీబూట్" అని ఉన్నంతసేపూ పాత విలువలే నడుస్తున్నాయని అర్థం. ఇప్పటికే మీ సొంత గ్రూప్ తగిలించి ఉంటే డైనమిక్ (నడుస్తుండగానే మారే) పారామీటర్లకు రీబూట్ అవసరం లేదు.

చెక్_యూజర్_నేమ్ మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి. అది పాస్‌వర్డ్‌ను ప్రస్తుతం లాగిన్ అయి ఉన్న యూజర్ పేరుతో పోలుస్తుంది, మీరు తయారుచేస్తున్న కొత్త యూజర్ పేరుతో కాదు. అదీ పేరు మొత్తం అచ్చంగా గానీ, తిరగేసి గానీ ఉంటేనే పట్టుకుంటుంది. అడ్మిన్‌గా లాగిన్ అయి వేరొకరి ఖాతాకు వాళ్ల పేరే కాస్త సాగదీసి పాస్‌వర్డ్‌గా పెడితే ఈ నియమం పలకదు.

స్ట్రాంగ్ పాలసీ ఎందుకు వద్దు? మీడియం కన్నా అందులో అదనంగా ఉండేది డిక్షనరీ ఫైల్‌తో పోల్చడం ఒక్కటే. ఆ ఫైల్ సర్వర్ డిస్క్‌లో ఉండాలి. మేనేజ్డ్ సర్వీసుల్లో సర్వర్ డిస్క్ మీ చేతికి రాదు. ఫైల్ లేని స్ట్రాంగ్, మీడియం కన్నా ఇసుమంత కూడా ఎక్కువ కాదు.

5. పరీక్షించండి

పారామీటర్ పేజీలో 16 అని కనిపిస్తే సరిపోదు. ఒక ప్రయోగం యూజర్‌ను పెట్టి నియమాన్ని తప్పించుకోడానికి ప్రయత్నించండి. క్రియేట్ యూజర్ ఆదేశంతో వరుసగా:

- 15 అక్షరాలు, క్యాపిటల్, స్మాల్, అంకె అన్నీ ఉన్న పాస్‌వర్డ్. తిరస్కరించాలి.
- 20 అక్షరాలు, అంకె లేనిది. తిరస్కరించాలి.
- 20 అక్షరాలు, అన్నీ స్మాల్ లెటర్లు, అంకెలు. తిరస్కరించాలి.
- 16 అక్షరాలు, అన్నీ సరిగ్గా ఉన్నది. ఒప్పుకోవాలి.

తిరస్కరించిన ప్రతిసారీ 1819 ఎర్రర్ రావాలి. "పాస్‌వర్డ్ ప్రస్తుత పాలసీకి సరిపోలేదు" అన్నది దాని సారాంశం. వేరే నంబరు వస్తే మీ పరీక్ష నియమాన్ని తాకనే లేదు, అనుమతి లేకో, ఆదేశం తప్పుగా రాసో ఆగింది. మొదటి పరీక్షకు సరిగ్గా 15 అక్షరాలే పెట్టాలి. 5 అక్షరాలతో పరీక్షిస్తే పాత డిఫాల్ట్ 8 కూడా తిరస్కరిస్తుంది, మీ 16 అమల్లో ఉందో లేదో తెలియదు. పరీక్ష అయ్యాక ఆ యూజర్‌ను డ్రాప్ చేయండి.

వాలిడేట్_పాస్‌వర్డ్_స్ట్రెంగ్త్ అనే ఫంక్షన్ 0, 25, 50, 75, 100లో ఒక మార్కు ఇస్తుంది. ప్రయోగాలకు బాగుంటుంది. నిజంగా వాడబోయే పాస్‌వర్డ్‌ను మాత్రం అందులో పెట్టి చూడకండి. మైఎస్‌క్యూఎల్ క్లయింట్ "ఐడెంటిఫైడ్", "పాస్‌వర్డ్" అనే మాటలున్న ఆదేశాలను హిస్టరీ ఫైల్లో రాయకుండా వదిలేస్తుంది గానీ, జనరల్ లాగ్ (సర్వర్‌కు వచ్చే ఆదేశాలన్నీ రాసే చిట్టా) ఆన్‌లో ఉంటే ఈ సెలెక్ట్ ఆదేశం పాస్‌వర్డ్‌తో సహా అక్కడ పడుతుంది. 100 మార్కులు వచ్చినంత మాత్రాన అది ఊహించలేని పాస్‌వర్డ్ అని కూడా కాదు. మీ నియమాల ప్రకారం సరిపోయిందనే దాని అర్థం.

6. పాత పాస్‌వర్డ్‌ల సంగతి చూడండి

అసలు పని ఇక్కడే ఉంది. మైఎస్‌క్యూఎల్.యూజర్ పట్టికలో యూజర్, హోస్ట్, పాస్‌వర్డ్_లాస్ట్_ఛేంజ్డ్, పాస్‌వర్డ్_లైఫ్‌టైమ్ కాలమ్‌లు తీయండి. నియమం పెట్టిన తేదీకి ముందు మారినవన్నీ కొత్త నియమానికి దొరకనివే. సర్వీసు సొంత ఖాతాలు (ఆర్‌డీఎస్‌అడ్మిన్, మైఎస్‌క్యూఎల్.సిస్ లాంటివి) ఈ జాబితాలో ఉంటాయి, వాటి జోలికి వెళ్లకండి. మిగిలినవాటిని రెండు కుప్పలు చేయండి: మనుషులవి, అప్లికేషన్లవి.

మనుషుల ఖాతాలకు ఆల్టర్ యూజర్ ... పాస్‌వర్డ్ ఎక్స్‌పైర్ ఇవ్వండి. తర్వాతిసారి లాగిన్ అయినప్పుడు పాస్‌వర్డ్ మార్చేదాకా ఏ ఆదేశమూ నడవదు, 1820 ఎర్రర్ వస్తుంది. ముందురోజు అందరికీ చెప్పండి.

అప్లికేషన్ ఖాతాలకు ఇదే ఆదేశం ఇస్తే అప్లికేషన్ అక్కడికక్కడే పడిపోతుంది. ప్రోగ్రాముకు పాస్‌వర్డ్ మార్చుకోవడం రాదు, 1862 ఎర్రర్‌తో కనెక్షన్ తెగిపోతూ ఉంటుంది. వీటికి 8.0.14 నుంచి ఉన్న జంట పాస్‌వర్డ్ సదుపాయం వాడండి:

- ఆల్టర్ యూజర్ ... ఐడెంటిఫైడ్ బై 'కొత్తది' రిటెయిన్ కరెంట్ పాస్‌వర్డ్. ఇక పాతదీ కొత్తదీ రెండూ పనిచేస్తాయి.
- అప్లికేషన్ కాన్ఫిగరేషన్ మార్చండి. అన్ని సర్వర్లలో, క్రాన్ జాబుల్లో (వేళకు వాటంతటవే నడిచే పనుల్లో), బ్యాకప్ స్క్రిప్టుల్లో. మొదట తయారుచేసుకున్న జాబితా పని ఇదే.
- రెండు మూడు రోజులు గమనించాక ఆల్టర్ యూజర్ ... డిస్కార్డ్ ఓల్డ్ పాస్‌వర్డ్.

ఆఖరిది మరచిపోతే బలహీనమైన పాత పాస్‌వర్డ్ ఇంకా బతికే ఉంటుంది. క్యాలెండర్‌లో పెట్టుకోండి.

గట్టి హెచ్చరిక ఒకటి: డిఫాల్ట్_పాస్‌వర్డ్_లైఫ్‌టైమ్‌కు 90 అని పెట్టి సేవ్ కొట్టకండి. గడువు ఇప్పటి నుంచి మొదలవుతుందని అనుకుంటారు. కాదు. పాస్‌వర్డ్ చివరిసారి మారిన తేదీ నుంచి లెక్క. రెండేళ్లుగా మారని అప్లికేషన్ ఖాతా ఆ నిమిషంలోనే గడువు తీరినదవుతుంది. గడువు తప్పనిసరైతే ముందు ప్రతి అప్లికేషన్ ఖాతాకూ పాస్‌వర్డ్ ఎక్స్‌పైర్ నెవర్ పెట్టి, ఆ తర్వాతే గ్లోబల్ విలువ మార్చండి. అయినా ఏ కారణమూ లేకుండా నెలనెలా మార్పించడం మంచి పద్ధతి కాదు, జనం చివరి అంకె ఒక్కటి పెంచుకుంటూ పోతారు.

7. నియమానికి దొరకని దారులు మూయండి

కన్సోల్: ఆర్‌డీఎస్‌లో మాస్టర్ పాస్‌వర్డ్‌ను కన్సోల్ నుంచో కమాండ్ లైన్ నుంచో మారిస్తే, అది మీ నియమానికి సరిపోకపోయినా ఒప్పుకోవచ్చు. మాస్టర్ పాస్‌వర్డ్ బాధ్యత అమెజాన్‌లో పాస్‌వర్డ్‌లు దాచే సర్వీసు సీక్రెట్స్ మేనేజర్‌కు అప్పగిస్తే ఈ సమస్య పోతుంది. అదే తయారుచేస్తుంది, డిఫాల్ట్‌గా 7 రోజులకోసారి మారుస్తుంది. చేత్తో పెట్టేట్టయితే ఆర్‌డీఎస్ మైఎస్‌క్యూఎల్ మాస్టర్ పాస్‌వర్డ్‌కు 41 అక్షరాలు మించకూడదు.

హ్యాష్: క్రియేట్ యూజర్ ఆదేశంలో "బై" బదులు "యాజ్" వాడి నేరుగా హ్యాష్ ఇస్తే సర్వర్‌కు పరీక్షించడానికి ఏమీ ఉండదు. పాత సర్వర్ నుంచి యూజర్లను తరలించే స్క్రిప్టులు ఇలాగే చేస్తాయి. మైగ్రేషన్ అయిన ప్రతిసారీ ఆరో మెట్టు మళ్లీ చేయాలి.

ఎక్కువ ప్రయత్నాలు: నియమం ఎంత బాగున్నా ఊహించే ప్రయత్నాలకు హద్దు ఉండాలి. 8.0.19 నుంచి మనుషుల ఖాతాలకు ఫెయిల్డ్_లాగిన్_అటెంప్ట్స్ 5 పాస్‌వర్డ్_లాక్_టైమ్ 1 అని పెట్టవచ్చు. ఆ 1 నిమిషం కాదు, గంట కాదు, ఒక రోజు. రెండు విలువల్లో ఏది సున్నా అయినా తాళం పడదు. అప్లికేషన్ ఖాతాకు ఇది పెట్టే ముందు ఆలోచించండి. పాత పాస్‌వర్డ్ మిగిలిపోయిన ఒక్క క్రాన్ జాబు మొత్తం అప్లికేషన్‌ను బయటకు నెట్టేయగలదు. తాళం పడితే ఆల్టర్ యూజర్ ... అకౌంట్ అన్‌లాక్.

8. నియమానికి సరిపోయే పాస్‌వర్డ్ తయారు చేయండి

టెర్మినల్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ర్యాండ్ -హెక్స్ 20 అని కొడితే 40 అక్షరాలు వస్తాయి. ఎవరూ ఊహించలేరు, అయినా మన నియమం తిరస్కరిస్తుంది. అందులో అంకెలు, స్మాల్ లెటర్లు తప్ప ఏమీ ఉండవు. బదులుగా -బేస్64 30 వాడండి, అదీ 40 అక్షరాలే ఇస్తుంది. అందులో కూడిక గుర్తు, గీటు (/) వస్తే తీసేయండి. ఒకటి రెండు తగ్గినా బలం చెక్కుచెదరదు.

స్పెషల్ క్యారెక్టర్ తప్పనిసరి చేసినవాళ్లకు వచ్చే తలనొప్పి కనెక్షన్ స్ట్రింగ్‌లో ఉంటుంది. యూఆర్‌ఎల్ రూపంలో రాసినప్పుడు పాస్‌వర్డ్‌లో @ ఉంటే, ఆ తర్వాతి ముక్కను కొన్ని లైబ్రరీలు సర్వర్ పేరు అనుకుంటాయి, "హోస్ట్ దొరకలేదు" అనే ఎర్రర్ వస్తుంది. పాస్‌వర్డ్ తప్పన్న మాటే ఎక్కడా ఉండదు కాబట్టి గంటలకొద్దీ నెట్‌వర్క్‌లో వెతుకుతారు. @ బదులు %40, # బదులు %23, % బదులు %25 రాయాలి. ఎన్వ్ ఫైళ్లలో (అప్లికేషన్ సెట్టింగులు రాసేవి) # తర్వాతది వ్యాఖ్యగా తెగిపోయే ప్రమాదం ఉంది, కోట్స్ మధ్య పెట్టండి. షెల్‌లో డాలర్ గుర్తు ఉంటే డబుల్ కోట్స్ కాకుండా సింగిల్ కోట్స్ వాడండి. స్పెషల్ క్యారెక్టర్ కావాల్సిందే అంటే హైఫన్, అండర్‌స్కోర్, చుక్క క్షేమం.

పోస్ట్‌గ్రెస్ వాడుతుంటే

పోస్ట్‌గ్రెస్ కోర్‌లో పాస్‌వర్డ్ బలం నియమాలు లేవు. పాస్‌వర్డ్‌చెక్ అనే అదనపు మాడ్యూల్ ఉంది: కనీసం 8 అక్షరాలు, అక్షరాలూ అక్షరాలు కానివీ రెండూ, యూజర్ పేరు ఉండకూడదు. 18వ వెర్షన్ నుంచి ఆ పొడవును మార్చుకోవచ్చు. మేనేజ్డ్ సర్వీసులన్నీ దీన్ని ఇవ్వవు.

గూగుల్ క్లౌడ్ ఎస్‌క్యూఎల్‌లో మైఎస్‌క్యూఎల్ తరహాలోనే ఇన్‌స్టెన్స్ పాలసీ ఉంది. ఆర్‌డీఎస్‌లో రెండు దారులున్నాయి. సులువైనది: ఆర్‌డీఎస్.రెస్ట్రిక్ట్_పాస్‌వర్డ్_కమాండ్స్ పారామీటర్‌ను 1 చేసి రీబూట్ చేయడం. ఆ తర్వాత ఆర్‌డీఎస్_పాస్‌వర్డ్ రోల్ ఉన్నవాళ్లే పాస్‌వర్డ్‌లు మార్చగలరు. బలాన్ని ఇది పరీక్షించదు, మార్చే చేతుల సంఖ్య తగ్గిస్తుంది. ఆ చేతులు మీ స్క్రిప్టువే అయితే నియమం స్క్రిప్టులోనే పెట్టవచ్చు. చిన్న బృందాలకు ఇది చాలు.

రెండోది పీజీ_టీఎల్‌ఈ, అంటే సొంత ఎక్స్‌టెన్షన్లు రాసుకోనిచ్చే అదనపు మాడ్యూల్. షేర్డ్_ప్రీలోడ్_లైబ్రరీస్‌లో చేర్చి రీబూట్ చేసి, ఎక్స్‌టెన్షన్ తయారుచేసి, పాస్‌వర్డ్ పరీక్షించే ఫంక్షన్ మీరే రాసి "పాస్‌చెక్" ఫీచర్‌గా నమోదు చేయాలి. చివరగా పీజీటీఎల్‌ఈ.ఎనేబుల్_పాస్‌వర్డ్_చెక్ ఆన్ చేయాలి. చాలామంది మరిచేది ఈ ఆఖరి ముక్కే, ఫంక్షన్ ఉంటుంది గానీ ఎవరూ దాన్ని పిలవరు. ఆ ఫంక్షన్‌ను మార్చే హక్కు మామూలు యూజర్లకు ఉండకూడదు, ఎందుకంటే పాస్‌వర్డ్‌లు దాని గుండా మామూలు అక్షరాల్లోనే వెళ్తాయి.

ఇక్కడ పెద్ద చిక్కు: పోస్ట్‌గ్రెస్ కమాండ్ లైన్ క్లయింట్ పీఎస్‌క్యూఎల్‌లో \పాస్‌వర్డ్ ఆదేశం క్లయింట్ దగ్గరే హ్యాష్ చేసి పంపుతుంది. లాగ్‌ల దృష్ట్యా అదే మంచిది, నియమం దృష్ట్యా అదొక తెరిచిన తలుపు. మీ ఫంక్షన్‌కు వచ్చే పాస్‌వర్డ్ రకం చూసి హ్యాష్ అయితే తిరస్కరించవచ్చు. అలా చేస్తే అందరూ ఆల్టర్ రోల్ ఆదేశంలో అసలు పాస్‌వర్డ్ పంపాల్సి వస్తుంది, లాగ్_స్టేట్‌మెంట్ సెట్టింగ్ "డీడీఎల్" (నిర్మాణం మార్చే ఆదేశాలు రాయమని) అని ఉంటే అది లాగ్‌లో పడుతుంది. మనుషుల పాస్‌వర్డ్‌లు తక్కువగా ఉన్నచోట \పాస్‌వర్డ్‌నే ఉంచి, అప్లికేషన్ల పాస్‌వర్డ్‌లన్నీ యంత్రంతో తయారు చేయించడం మేలని మా అభిప్రాయం.

పరీక్ష మైఎస్‌క్యూఎల్ లాగే, ఒక మెట్టు ఎక్కువ: ఒప్పుకోకూడని పాస్‌వర్డ్‌ను ఆల్టర్ రోల్‌తో ఒకసారి, \పాస్‌వర్డ్‌తో ఒకసారి ఇవ్వండి. మొదటిది ఆగి రెండోది వెళ్లిపోతే మీ నియమం సగం దూరమే పనిచేస్తోంది.

అజూర్ ఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో నియమం మార్చే మీటే లేదు. కనీసం 8 అక్షరాలు, నాలుగు రకాల్లో మూడు అన్నది స్థిరం. అంతకన్నా గట్టిగా కావాలంటే మైక్రోసాఫ్ట్ గుర్తింపు సర్వీసు ఎంట్రా లాగిన్లకు మారి, పాస్‌వర్డ్ లాగిన్లు ఆపేయాలి. ఒరాకిల్ అటానమస్‌లో ప్రొఫైల్‌కు పాస్‌వర్డ్_వెరిఫై_ఫంక్షన్ ద్వారా పెట్టుకోవచ్చు. డిఫాల్ట్‌గానే 12 అక్షరాలు అడుగుతుంది.

పని అయ్యాక నెల రోజులకు ఆరో మెట్టులోని క్వెరీ మళ్లీ నడపండి. సర్వీసు సొంత ఖాతాలు తప్ప, నియమం పెట్టిన తేదీకి ముందున్న పాస్‌వర్డ్_లాస్ట్_ఛేంజ్డ్ ఒక్కటీ మిగలకూడదు. మిగిలితే ఆ ఖాతాను ఎవరు వాడుతున్నారో కనుక్కోండి. ఎవరూ వాడటం లేదని తేలితే వెంటనే డ్రాప్ చేయకుండా అకౌంట్ లాక్ పెట్టి ఒక నెల ఆగండి, మూడు నెలలకోసారి నడిచే రిపోర్టు ఏదైనా దాన్ని వాడుతుందేమో జాబితాలో చూసుకోండి.